టెస్టరు వెలుగుతోంది, బల్బు వెలగడం లేదు: తప్పు స్విచ్చుదా, హోల్డరుదా?

మహేంద్రతనయ_గట్టు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పాత డాబా ఇల్లు. హాల్లో సన్‌మైకా అతికించిన చెక్కబోర్డు ఉంది. దాని మీద ఐదు పియానో స్విచ్చులు, ఒక ఐదు పిన్నుల సాకెట్టు, ఫ్యాను రెగ్యులేటరు. మూడో స్విచ్చు వేస్తే బల్బు వెలగడం మానేసింది. అంతకు ముందు రెండు వారాలు వేసిన ప్రతిసారీ లోపల చిటపటమనేది, రెండు మూడుసార్లు టకటకలాడిస్తే వెలిగేది. ఇప్పుడు అదీ లేదు.

చూసినవి: బల్బు వేరే గదిలో వెలుగుతోంది. బోర్డు మీద మిగతా నాలుగు స్విచ్చులు, సాకెట్టు బాగానే ఉన్నాయి. ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) పడలేదు. స్విచ్చు వేసి, బల్బు తీసి, హోల్డరులో టెస్టరు పెడితే ఒక పిన్ను దగ్గర వెలుగుతోంది. అంటే స్విచ్చు దాటి కరెంటు హోల్డరు దాకా వస్తున్నట్టే కదా? హోల్డరు మార్చేస్తే సరిపోతుందా?

బోర్డు విప్పాల్సి వస్తే ఏమేం ఆపాలో కూడా చెప్పండి. ఇంట్లో ఇన్వర్టరు ఉంది. చేతిలో టెస్టరు, కటింగ్ ప్లయరు, చిన్న మల్టీమీటరు ఉన్నాయి.

నాగావళి_మేస్త్రీ (రాయగడ)

హోల్డరు కొనకండి. టెస్టరు వెలిగిందంటే అక్కడ వోల్టేజి జాడ ఉందని మాత్రమే అర్థం. బల్బుకు సరిపడా కరెంటు వస్తోందని కాదు. టెస్టరు లోపల చిన్న నియాన్ గొట్టం, దాని వెనక లక్షల ఓమ్స్ రెసిస్టరు ఉంటాయి. మీ ఒంట్లోంచి నేలలోకి పోయే కరెంటు మామూలుగా అర మిల్లీ ఆంపియరు కూడా ఉండదు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఎంత లేదన్నా 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. కాలిపోయి మసి పట్టిన స్విచ్చు కాంటాక్టులోంచి టెస్టరుకు చాలినంత కరెంటు జారుతుంది, బల్బుకు చాలినంత జారదు. కుళాయి చుక్కలు పడుతోంది కదా అని కింద గంగాళం పెట్టినట్టు ఉంటుంది లెక్క.

ఇంకో చిక్కు. ఒకే పైపులో పక్కపక్కనే వెళ్లే వైర్లలో ఒకదానికి కరెంటుంటే, ఎక్కడో తెగిపోయి ఊరికే పడి ఉన్న రెండోదాని దగ్గర కూడా టెస్టరు మసగ్గా వెలుగుతుంది. దీనికి తిరగబడిన సంగతీ ఉంది: ఎండ పడే చోటైనా, మీరు ఎండిన చెక్కపీట ఎక్కి నిలబడినా, కరెంటు నిజంగా ఉన్నా టెస్టరు వెలుగు కంటికి ఆనకపోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ రెండోదే.

మీ బోర్డు సంగతి. వేసినప్పుడు చిటపట, టకటకలాడిస్తే వెలగడం: ఈ రెండూ కలిశాయంటే నా అనుమానం మొదట స్విచ్చు కాంటాక్టు మీదికి, తర్వాత దాని వెనక స్క్రూ మీదికి పోతుంది. ఆ తర్వాతే హోల్డరు. ఈ బోర్డుల్లో ఫేజు వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు, మొదటి స్విచ్చుకు వచ్చి, అక్కణ్ణుంచి చిన్న చిన్న లూపు ముక్కలతో రెండు, మూడు, నాలుగు అంటూ పోతుంది. మూడో స్విచ్చు దగ్గర లూపు ఊడితే నాలుగు, అయిదు కూడా చచ్చిపోవాలి. మీకు అవి పనిచేస్తున్నాయి కాబట్టి మూడోదాని లోపలి వైపు వరకు ఫేజు వస్తూ ఉండాలి. అయితే లూపు వరసగానే వేశారని ఒట్టు లేదు. కొందరు సాకెట్టు దగ్గర మొదలుపెట్టి వెనక్కి తెస్తారు. విప్పి చూసేదాకా ఇది ఊహే.

ఏమేం ఆపాలి అన్నారు. ఇన్వర్టరున్న ఇంట్లో పొరపాటు రెండు రకాలుగా జరుగుతుంది. మెయిన్ ఆపి ఇన్వర్టరు వదిలేస్తే, కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ నుంచి అదే లైటు లైనుకు 230 వోల్టులు పంపుతుంది. ఇన్వర్టరు ముందు బటన్ ఆపి మెయిన్ వదిలేస్తే, బైపాస్ మీదుగా మామూలు కరెంటు వస్తూనే ఉంటుంది. రెండూ ఆపాలి. మొదట ఇన్వర్టరు బటన్ ఆపి, దాని ప్లగ్గు గోడ సాకెట్టులోంచి పీకేయండి. తర్వాత మెయిన్. అది కూడా రెండు పోళ్లదే ఆపండి. ఒంటిపోలు ఎం.సి.బి. ఒక వైరునే తెంపుతుంది. పాత ఇళ్లలో, ముఖ్యంగా తుఫాను తర్వాత హడావుడిగా సర్వీసు వైరు మార్చిన చోట, ఫేజు, న్యూట్రలు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తారుమారై ఉంటే అది తెంపేది న్యూట్రల్ని. ఫేజు బోర్డులో అలాగే కూర్చుంటుంది. తిత్లీ తుఫానప్పుడు 2018లో మీ వైపు ఎన్ని స్తంభాలు పడ్డాయో మీకు తెలుసు కదా.

ఆపాక మెయిన్ మీద ఒక కాగితం అతికించండి, "పని జరుగుతోంది, వేయొద్దు" అని. తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తే ఇంకా మంచిది, పనిమనిషి వచ్చి ఫ్యాను తిరగడం లేదని వేసేయకుండా.

ఇంకొకటి. స్విచ్చు వేసి ఉంచి హోల్డరులోకి టెస్టరు దూర్చడం ఇకపై చేయొద్దు. ఆ రెండు పిన్నుల మధ్య దూరం వేలెడు కూడా ఉండదు. టెస్టరు కొన జారి రెండింటినీ కలిపిందంటే మెరుపు మీ కంటి ఎదురుగానే.

బరంపురం_మీటరు (బరంపురం)

మేస్త్రీగారు చెప్పినదంతా సరే. తర్వాత ఎవరో ఒకరు టెస్ట్ ల్యాంపు పెట్టి చూడమంటారు కాబట్టి ముందే అడ్డుపడుతున్నాను. హోల్డరుకు రెండు వైర్లు కట్టి 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి చూసే పద్ధతి నిజం చెబుతుంది, కాదనను. కాని అది తెరిచిన బోర్డులో కరెంటు ఉంచి చేసే పని. అలవాటు లేని చేతికి వద్దు. దాన్ని ఫేజుకూ ఎర్తింగుకూ మధ్య పెట్టి చూడటం అసలే వద్దు. ఆర్.సి.సి.బి. (కరెంటు నేలలోకి కారితే లైను తెంపే స్విచ్చు) ఉంటే వెంటనే పడిపోతుంది, ఎందుకంటే 60 వాట్లంటే దాదాపు 260 మిల్లీ ఆంపియర్లు, అది పడేది 30కే. లేకపోతే మరీ ప్రమాదం: ఎర్తు గుంట ఎండిపోయి ఉంటే ఆ బల్బు మీదుగా ఇంట్లో ఫ్రిజ్జు, గీజరు ఒంటికంతా కరెంటు ఎక్కుతుంది. మూడు ఫేజుల కనెక్షనున్న ఇంట్లో పొరపాటున రెండు ఫేజుల మధ్య పెడితే 400 వోల్టులు, బల్బు చేతిలో పేలుతుంది.

మీ దగ్గర మల్టీమీటరు ఉంది కదా. కరెంటు మొత్తం ఆపేసి, రెండే రెండు రీడింగులతో తప్పు ఎక్కడుందో తేల్చవచ్చు. కావలసింది పాత రకం 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి. ఎల్.ఇ.డి. పనికిరాదు, దాని లోపల సర్క్యూటు ఉంటుంది, మీటరుకు ఓమ్స్ సరిగా చూపించదు.

ముందు కరెంటు లేదని రుజువు చేసుకోవాలి. మెయిన్ ఆపే ముందే మీటరును ఏ.సి. 600 లేదా 750 వోల్టుల రేంజిలో పెట్టి, పనిచేస్తున్న సాకెట్టులో చూడండి. 230 దగ్గర చూపించాలి. తర్వాత ఇన్వర్టరు, మెయిన్ ఆపి, బోర్డు మూలల స్క్రూలు విప్పి చెక్కను మెల్లగా ముందుకు వంచండి. చెయ్యి లోపల పెట్టకుండా మీటరు కొనలతోనే మూడు చోట్ల చూడండి: ఫేజు లూపుకూ న్యూట్రల్ లింకుకూ (న్యూట్రలు వైర్లన్నీ కలిసే చోటు) మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య. మూడూ సున్నా ఉండాలి. అప్పుడు మీటరు ఇంకా బతికే ఉందా అని మళ్లీ ఒకసారి చూడాలి. ఇల్లంతా ఆపేశారు కనుక పక్కింటి సాకెట్టో, మీటరు బాక్సు దగ్గరి సాకెట్టో కావాలి. చాదస్తంలా ఉంటుంది గాని, ఆ రెండో చూపు లేకపోతే మొదటి సున్నాకు విలువ లేదు. మీటరు కొనల వైరు లోపల తెగినా సున్నాయే చూపిస్తుంది.

ఒకవేళ ఖచ్చితంగా సున్నా కాకుండా 20, 40 వోల్టులు అటూ ఇటూ ఊగుతుంటే చాలాసార్లు అది పక్క వైరు నుంచి వచ్చిన దొంగ వోల్టేజి. డిజిటల్ మీటరుకు అది కూడా కనబడుతుంది. అయినా చెయ్యి పెట్టకండి. ఇంట్లోకి ఇంకో దారిన కరెంటు వస్తోందేమో, పక్కవాటా న్యూట్రలు కలిసిపోయి ఉందేమో ముందు తేలాలి.

ఇప్పుడు రీడింగులు. బోర్డు మీద అన్ని స్విచ్చులూ ఆపండి, సాకెట్టులో ఏమున్నా పీకండి.

మొదటిది: హోల్డరులో ఆ 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. మీటరు 200 లేదా 2,000 ఓమ్స్ రేంజిలో. ఒక కొన మూడో స్విచ్చు నుంచి బల్బుకు వెళ్లే టెర్మినల్ మీద, రెండో కొన న్యూట్రల్ లింకు మీద. చల్లటి ఫిలమెంటు 60 నుంచి 90 ఓమ్స్ మధ్య చూపిస్తుంది. వెలుగుతున్నప్పుడు అదే బల్బు 880 ఓమ్స్ దాకా పోతుంది, వేడికి పెరుగుతుంది, కంగారు పడకండి. ఈ ఒక్క రీడింగు వచ్చిందంటే స్విచ్చు నుంచి పైకి వెళ్లే వైరు, హోల్డరు పిన్నులు, తిరిగొచ్చే న్యూట్రలు, మూడూ ఎక్కడా తెగలేదన్నమాట. ఏమీ చూపించకపోతే బల్బును హోల్డరులో అటూ ఇటూ కదిపి చూడండి. అప్పుడు వస్తే హోల్డరు స్ప్రింగు పిన్ను వేడికి చచ్చి లోపలికి దిగిపోయిందని.

రెండోది: మూడో స్విచ్చు రెండు టెర్మినల్స్ మధ్య. ఆపినప్పుడు ఏమీ చూపకూడదు. వేసినప్పుడు ఒక ఓమ్ లోపు, కొనలు రెండూ తాకిస్తే ఎంత వస్తుందో దాదాపు అంతే రావాలి. పది సార్లు వేసి ఆపి చూడండి, ప్రతిసారీ అదే రావాలి. ఒకసారి 2, ఒకసారి 150, ఒకసారి ఏమీ లేదు అంటే ఆ స్విచ్చు అయిపోయినట్టే.

విప్పిన వెంటనే ఫోనుతో రెండు ఫొటోలు తీయండి. తర్వాత ఏ వైరు ఎక్కడిదో అని ఇంటిల్లిపాదీ తలపట్టుకోకుండా ఉంటారు.

జయపురం_మేడమెట్లు (జయపురం)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మెట్ల లైటు, కిందొక స్విచ్చు, పైనొకటి. కింది స్విచ్చు మార్చాక, పైది ఒక వైపున్నప్పుడే కిందిది పనిచేస్తోంది. స్విచ్చు కొత్తది, ఐ.ఎస్.ఐ. మార్కుదే.

నాగావళి_మేస్త్రీ

స్విచ్చు తప్పు కాదు, వైరు చోటు మారింది. టూ వే స్విచ్చుకు మూడు టెర్మినల్స్. ఒకటి కామను, చాలా కంపెనీల్లో మధ్యది. మిగతా రెండింటికీ పైకి కిందికి నడిచే జత వైర్లు. కింద కామనుకు ఫేజు, పైన కామనుకు బల్బుకెళ్లే వైరు. మీరు మార్చినప్పుడు జత వైర్లలో ఒకటి కామనుకు, కామను వైరు పక్కకు పోయింది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా దానిదే. జత వైర్లు రెండూ తమలో తాము తారుమారైనా ఫర్వాలేదు, కామను మాత్రం కదలకూడదు. మెయిన్ ఆపి, స్విచ్చు వెనక గుర్తు చూసి, మార్చండి. ఇక్కడితో ఆపి, అక్కరపడితే విడిగా అడగండి, పర్లాకిమిడి ఆయన పని మధ్యలో ఉన్నారు.

మహేంద్రతనయ_గట్టు

మాస్టారూ, ఇద్దరూ చెప్పినట్టే చేశాను. ఇన్వర్టరు ప్లగ్గు పీకి, మెయిన్ ఆపి, మూడు చోట్లా సున్నా చూసుకున్నాను.

మొదటి రీడింగు 71 ఓమ్స్. బల్బు కదిపినా మారలేదు.

రెండోది: మూడో స్విచ్చు వేస్తే ఒకసారి 38, మరోసారి 310, రెండుసార్లు ఏమీ లేదు. పక్కనున్న రెండో స్విచ్చు చూస్తే ప్రతిసారీ 0.4.

ఇంకా కనబడినవి: మూడో స్విచ్చు లోపలి వైపు స్క్రూ దగ్గర లూపు వైరు ఎర్ర తొడుగు ముదురు గోధుమరంగుకు తిరిగింది, గోటితో నొక్కితే పెంకులా విరిగింది. ఒకే స్క్రూ కింద రెండు వైర్లున్నాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. లాగితే సన్నది వచ్చేసింది. బల్బుకు వెళ్లే వైరు లోపలి లోహం మాత్రం రాగిలా ఎర్రగా లేదు, తెల్లగా, వెండిలా ఉంది, ఒంటి తీగ. అది ఏమిటి?

ప్రాణహిత_వైర్‌మన్ (సిరొంచ)

ఆ తెల్ల వైరు సంగతి తేల్చకుండా కొత్త స్విచ్చు బిగించకండి. చాకుతో కొన మీద కొంచెం గీరండి. లోపల ఎర్రగా కనిపిస్తే కళాయి పూసిన రాగి. రబ్బరు తొడుగున్న మరీ పాత వైరింగులో అది ఉంటుంది, రబ్బరులోని గంధకం రాగిని తినకుండా పూసేవారు. ఆ రబ్బరు పొడిపొడిగా రాలుతుంటే స్విచ్చు కాదు, వైరింగే మార్చాలి. గీరినా తెల్లగానే ఉంటే అల్యూమినియం.

అల్యూమినియం అయితే మూడు మాటలు. ఒకటి, ఒకే చోట రెండుసార్లు వంచితే విరుగుతుంది. రాగి వైరులా మడిచి రెట్టింపు చేసి దూర్చకండి. రెండు, గాలి తగిలిన వెంటనే దాని మీద కంటికి కనబడని పొర పడుతుంది, ఆ పొరకు కరెంటు సరిగా పారదు. పైగా స్క్రూ కింద నలిగి నలిగి కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. మూడు, రాగినీ అల్యూమినియాన్నీ కలిపి మెలితిప్పి టేపు చుట్టొద్దు. వానాకాలం చెమ్మ తగిలితే ఆ ముడి దగ్గరే అల్యూమినియం తినేసుకుపోతుంది. కలపక తప్పకపోతే, ఒక్కో వైరుకు ఒక్కో స్క్రూ ఉన్న ఇత్తడి కనెక్టరు వాడండి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి తాకకూడదు.

మా వైపు కరెంటోళ్లనీ, ఇంటి వైరింగు చేసేవాళ్లనీ అందరినీ వైర్‌మన్ అనే పిలుస్తారు. అందులో సగం మంది ముడి వేసి టేపు చుట్టే బాపతే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాగావళి_మేస్త్రీ

రీడింగులు చూశాక ఇక అనుమానం లేదు. పైకెళ్లే దారి బాగుంది, స్విచ్చు పోయింది. ఎందుకు పోయిందో మీరే చూశారు: ఒకే స్క్రూ కింద లావు వైరు, సన్న వైరు. స్క్రూ లావుదాన్ని పట్టుకుంటుంది, సన్నది ఊగుతూ ఉంటుంది. ఊగిన చోట వేడి. ఆ వేడి స్విచ్చు లోపలి ఇత్తడి రేకుకు ఎక్కి దాని బిగువు తగ్గిపోతుంది. తగ్గాక వేసిన ప్రతిసారీ చిన్న మెరుపు, అదే మీరు విన్న చిటపట. మెరిసిన ప్రతిసారీ ఇంకాస్త మసి. ఆ లూపు మీంచి నాలుగో అయిదో స్విచ్చుకూ సాకెట్టుకూ పోతోందంటే, సాకెట్టులో ఇస్త్రీ పెట్టెలాంటిది వాడినప్పుడు దాని కరెంటంతా ఆ వదులు స్క్రూ మీదుగానే నడిచింది. 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4 ఆంపియర్లకు పైనే లాగుతుంది, 9 వాట్ల బల్బు ఏ మూలకు?

కొనాల్సినవి: పాతదాని కొలతకే 6 ఆంపియర్ల వన్ వే పియానో స్విచ్చు, ఐ.ఎస్. 3854 గుర్తున్నది. అలాంటి స్విచ్చులు రెండు తెచ్చుకోండి, పాత బోర్డు విప్పాక పక్కది కూడా అడుగుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఎరుపుది, ఒక మీటరు పొడవు. స్ట్రిప్పు కనెక్టరు ఒకటి, టేపు చుట్ట ఒకటి.

బిగించే పద్ధతి. మాడిన తొడుగున్న లూపు ముక్కలన్నీ తీసి పారేయండి, గట్టి భాగం ఉంది కదా అని దాచకండి. కొత్త లూపులు అన్నీ ఒకే లావు వైరుతో వేస్తే ఒక స్క్రూ కింద రెండున్నా సమానంగా నలుగుతాయి. తొడుగు 8 నుంచి 10 మిల్లీమీటర్లే ఒలవండి. ఎక్కువైతే టెర్మినల్ బయట రాగి కనబడుతుంది, తక్కువైతే స్క్రూ ప్లాస్టిక్కు మీద కూర్చుంటుంది. ఈ రెండో తప్పు బయటికి కనబడదు, బిగుతుగానే ఉన్నట్టు ఉంటుంది, నెల తిరిగేసరికి ప్లాస్టిక్కు నలిగి మళ్లీ మొదటికి వస్తుంది. పోగుల వైరు అయితే పోగులన్నీ మెలితిప్పి దూర్చండి, ఒక్క పోగు కూడా బయట నిలబడకూడదు. సీసం కాచి అతికించి బిగించే అలవాటు కొందరికి ఉంది, అదీ వద్దు. సీసం స్క్రూ ఒత్తిడికి మెల్లగా జారి వదులవుతుంది. బిగించాక ప్రతి వైరునూ వేళ్లతో గట్టిగా ఒక లాగు లాగండి.

తెల్ల వైరు గీరి చూసి చెప్పండి.

మహేంద్రతనయ_గట్టు

గీరాను, లోపలిదాకా తెలుపే. అల్యూమినియమే.

పాత స్విచ్చును ప్లయరుతో పగలగొట్టి చూశాను. లోపల చిటికెనవేలి గోరంత ఇత్తడి రేకు, దాని చివర ఆవగింజంత తెల్ల చుక్క ఉండాల్సిన చోట గుంట పడి నల్లగా ఉంది. ఎదురు చుక్క సగం కరిగి పక్కకు అంటుకుంది. మూలలో ఎండిపోయిన ఎర్రచీమలు ఆరేడు. బేకలైటు మాడిన వాసన ఇంకా వస్తోంది.

ఈ అల్యూమినియం వైరును నేరుగా కొత్త స్విచ్చులో పెట్టొచ్చా?

ప్రాణహిత_వైర్‌మన్

పెట్టొచ్చు, ఆ టెర్మినల్లో అదొక్కటే ఉంటే. బల్బు వైపు టెర్మినల్ కాబట్టి ఎలాగూ ఒకటే ఉంటుంది. పాత కొన మాడి ఉంటే ఒక సెంటీమీటరు కత్తిరించండి. కొత్తగా ఒలిచేటప్పుడు చాకు గాటు పడకుండా చూడండి, గాటు పడ్డ చోటే రేపు విరుగుతుంది. సన్న గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్ది, వెంటనే వాసెలిన్ పలచగా రాసి దూర్చి బిగించండి. గాలి తగిలి మళ్లీ పొర పట్టకుండా. మరీ బలం పెట్టి తిప్పొద్దు, మెత్తటి లోహం, తెగుతుంది. రెండు వారాల తర్వాత మెయిన్, ఇన్వర్టరు ఆపి ఆ స్క్రూ ఇంకోసారి తిప్పి చూడండి, పావు చుట్టయినా తిరుగుతుంది.

చీమలు స్విచ్చుల్లోకి దూరడం మామూలే. కాంటాక్టుల మధ్య నలిగి మసవుతాయి. గోడలోంచి పైపు బోర్డులోకి వచ్చే కన్నం చుట్టూ పుట్టీ పెట్టండి. బోర్డు లోపల మందు మాత్రం కొట్టకండి, తడి.

బరంపురం_మీటరు

మళ్లీ కరెంటు వేసే ముందు అవే రెండు రీడింగులు తీసుకోండి. కొత్త స్విచ్చు వేస్తే ఓమ్ లోపు, పైకి 70 చిల్లర. ఇంకొకటి అదనంగా: హోల్డరులోంచి ఫిలమెంటు బల్బు తీసేసి, ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, ఫేజు లూపుకూ న్యూట్రల్ లింకుకూ మధ్య చూడండి. ఏమీ చూపకూడదు. చూపిస్తే బోర్డులో ఎక్కడో రెండు వైర్లు తాకుతున్నాయి, అలాగే మెయిన్ వేస్తే ఫ్యూజు ఎగురుతుంది.

బోర్డు మూసి స్క్రూలు బిగించాకే మెయిన్ వేయండి, ఆ తర్వాత ఇన్వర్టరు. వేసిన అరగంటకు స్విచ్చు మీద చెయ్యి ఆనించి చూడండి. 9 వాట్ల బల్బుకు స్విచ్చు గోరువెచ్చన కూడా కాకూడదు.

స్విచ్చు వేయకుండానే ఎల్.ఇ.డి. బల్బు రాత్రి మిణుకుమిణుకుమంటోందా, అది కూడా గమనించండి. అలా ఉంటే ఫేజుకు బదులు న్యూట్రలు స్విచ్చులోంచి పోతోందేమో చూడాలి. అదే అయితే స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు ఉంటుంది. అది సరిచేసేదాకా బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపాల్సిందే.

చట్టం మాట కూడా ఒకటి. ఇంట్లో బల్బు, ఫ్యూజు, స్విచ్చు ఉన్నదాని బదులు అలాంటిదే వేసుకోవడానికి నిబంధనల్లో మినహాయింపు ఉంది. కొత్త పాయింటు లాగడం, అల్యూమినియం తీసి ఇల్లంతా రాగి వేయించడం దాని కిందికి రావు, దానికి లైసెన్సున్న కాంట్రాక్టరే కావాలి. మీటరుకు అవతల సర్వీసు వైరులో ఫేజు న్యూట్రలు తారుమారైనట్టు అనిపిస్తే మీరు ముట్టుకోకండి, 1912కు ఫోను చేసి మీ కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ వాళ్లతో సరిచేయించండి.

మహేంద్రతనయ_గట్టు

స్విచ్చు మార్చాను, లూపులన్నీ కొత్తవి వేశాను. వేస్తే 0.3, పైకి 72, లూపుకూ లింకుకూ మధ్య ఏమీ లేదు. మెయిన్ వేశాను, బల్బు వెలిగింది, చిటపట లేదు. గంటన్నర అయింది, స్విచ్చు చల్లగానే ఉంది. ఆపాక చీకట్లో చూశాను, మిణుకు లేదు. లూపులు తీస్తుంటే నాలుగో స్విచ్చు స్క్రూ తల అరిగిపోయి తిరగలేదు, కాబట్టి అది కూడా మార్చాను. రెండు తెమ్మన్నది దీనికేనా మాస్టారూ?

నాగావళి_మేస్త్రీ

దీనికే. ఇక ఇస్త్రీ పెట్టె ఆ సాకెట్టులో పెట్టకండి. వేరే 16 ఆంపియర్ల పాయింటు ఉంటే దాంట్లోనే.